గోదాం వెనక రకూన్ పిల్లలు కనిపిస్తే ఆ రోజు, ఆ రాత్రి చేయాల్సిన పనులు

మీరు రాసినదాన్ని బట్టి సంగతి ఇది. న్యూజెర్సీలో ఎడిసన్ దగ్గర గోదాం, మే నెల. లోడింగ్ డాక్ వెనక పేర్చిన పాత పాలెట్ల (సరుకు పేర్చే చెక్క చట్రాల) కింద నాలుగు రకూన్ పిల్లలు ఉన్నాయి. రకూన్ అంటే ముఖం మీద నల్ల పట్టీ ఉండే, పిల్లికంటే కాస్త పెద్ద అడవి జంతువు. పొద్దుట్నుంచి తల్లి జాడ లేదు. ఒకరు పాలు పోద్దామంటున్నారు, ఇంకొకరు ఒక పిల్లని ఇంటికి తీసుకెళ్లి పెంచుకుంటానంటున్నారు, మేనేజరేమో పెస్ట్ కంట్రోల్‌కి ఫోన్ చేస్తానంటున్నారు. ఈ మూడూ ఆపించండి. అన్నిటికంటే ముందు, ఎవరూ వాటిని వట్టి చేతులతో ముట్టుకోకుండా చూడండి.

మనిషి వాసన తగిలితే తల్లి పిల్లల్ని వదిలేస్తుందని చాలామంది నమ్ముతారు. అది అపోహ. రకూన్ తల్లి అంత తేలిగ్గా వదలదు, మీరు ముట్టుకున్నా వచ్చి తీసుకెళ్తుంది. ముట్టుకోవద్దనడానికి అసలు కారణం రేబిస్. అమెరికా తూర్పు రాష్ట్రాల్లో రకూన్లలో రేబిస్ స్థిరపడిపోయింది. మొదట ఫ్లోరిడా వైపే ఉండేది. 1970ల చివర్లో వేట కోసం అక్కణ్నుంచి రకూన్లను వర్జీనియా, వెస్ట్ వర్జీనియా ప్రాంతానికి తరలించడంతో అక్కడ అంటుకుని ఉత్తరానికి పాకింది, 1989లో న్యూజెర్సీకి చేరింది. పట్టుకున్న రకూన్‌ని దూరంగా తీసుకెళ్లి వదిలేయడాన్ని చాలా రాష్ట్రాలు నేరంగా చూస్తున్నది ఇందుకే. 'పార్కులో వదిలేసి వస్తాను' అనే మంచి మనిషి మీ గోదాంలో కూడా ఒకరుంటారు, ఈ సంగతి ఆయనకు చెప్పండి.

ఇక్కడ మనవాళ్లు పొరపడే చోటు ఒకటుంది. ఊళ్లో కుక్క కరిస్తే దాన్ని పది రోజులు కనిపెట్టి చూడాలని మనకు తెలుసు. ఆ పది రోజుల లెక్క కుక్కకీ, పిల్లికీ, ముంగిసలాంటి పెంపుడు జంతువు ఫెరెట్‌కీ మాత్రమే. అడవి జంతువుకు అది వర్తించదు. రకూన్ పిల్ల ఎవరినైనా కరిచినా, రక్తం వచ్చేలా గీరినా, దాని చొంగ పుండు మీదో కంట్లోనో నోట్లోనో పడినా ఆ పిల్లను చంపి మెదడును లాబ్‌కి పంపుతారు. బతికున్న జంతువుకు నమ్మదగిన పరీక్ష లేదు. ఒక పిల్ల ఎవరి వేలో కొరికితే, కొరికింది నాలుగింటిలో ఏదో చెప్పలేకపోతే, నాలుగింటినీ పంపాల్సి రావచ్చు. పళ్లు వచ్చిన పిల్ల వేలు చీకుతూ చీకుతూ కొరికేస్తుంది. సూదిమొనలాంటి పళ్లు, గాటు కంటికి కూడా ఆనదు. 'ఇంత చిన్నవాటికి రేబిస్ ఎక్కడిది' అనుకోకండి. తల్లి నుంచి సోకవచ్చు, సోకాక లక్షణాలు బయటపడటానికి వారాలూ నెలలూ పట్టవచ్చు. మనం ముద్దుచేసినందుకు వాటి ప్రాణం పోవడం నాకైతే భరించలేని విషయం. అందుకే ఈ మాట ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఎవరైనా ఇప్పటికే ముట్టుకుని ఉంటే వాళ్లను పక్కకు పిలిచి నెమ్మదిగా అడగండి. బొచ్చు మాత్రమే తాకారా? అది ప్రమాదం కింద లెక్కకు రాదు, సబ్బుతో చేతులు కడుక్కుంటే సరిపోతుంది. కొరికిందా, గీరిందా, చేతి మీద ఉన్న పుండు నాకిందా? అలాగైతే ఆ చోటును కారే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు, గడియారం చూసి మరీ కడగాలి. తర్వాత నేరుగా హాస్పిటల్ ఎమర్జెన్సీకి వెళ్లాలి. అర్జెంట్ కేర్ క్లినిక్కుల్లో ఇమ్యూనోగ్లోబ్యులిన్ (టీకా పనిచేసేలోపు వెంటనే రక్షణ ఇచ్చే యాంటీబాడీల మందు) సాధారణంగా ఉండదు, అక్కడికి వెళ్తే సమయం వృథా. మొదటి రోజే రేబిస్ ఇమ్యూనోగ్లోబ్యులిన్ కిలో బరువుకు 20 యూనిట్ల చొప్పున ఇస్తారు. 70 కిలోల మనిషికి 1400 యూనిట్లు. అందులో ఎంత వీలైతే అంత గాయం చుట్టూనే ఎక్కిస్తారు. అదే రోజు టీకా మొదలవుతుంది. ఆ రోజును సున్నాగా పెట్టుకుని 3, 7, 14 రోజులకు మిగతా మూడు డోసులు. రోగనిరోధక శక్తి తక్కువున్నవాళ్లకు 28వ రోజున ఇంకొకటి. బిల్లు వేల డాలర్లలో వస్తుంది. పని చోట జరిగింది కాబట్టి సూపర్‌వైజర్‌కు ఆ రోజే రాతపూర్వకంగా తెలపండి, వర్కర్స్ కాంపెన్సేషన్ (పని చోట దెబ్బ తగిలితే ఇచ్చే పరిహారం) కింద అడగాలంటే ఆ కాగితం ఉండాలి. ఊరి హెల్త్ డిపార్ట్‌మెంట్‌కు కూడా చెప్పాలి.

ఇంకో మాట, ఇది ప్రత్యేకించి మనవాళ్లకే. చిన్నప్పుడు కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజక్షన్లు పొడిపించుకున్నవాళ్లు 'నాకు ఆల్రెడీ అయిపోయింది' అంటూ ఊరుకుంటారు. అది గొర్రె మెదడు నుంచి తీసిన పాత టీకా, మన దేశంలో 2004తో ఆగిపోయింది. ఇక్కడి డాక్టర్లు దాన్ని టీకా వేసుకున్నట్టుగా లెక్కించరు, మొత్తం కోర్సు మొదటినుంచీ ఇస్తారు. ఆ తర్వాతి కాలపు టీకా చేతికి వేయించుకుని కోర్సు పూర్తి చేసినట్టు కాగితం ఉంటే మాత్రం పని సులువు. ఇమ్యూనోగ్లోబ్యులిన్ అక్కర్లేదు, సున్నా రోజున, మూడో రోజున రెండే డోసులు. ఇంట్లోవాళ్లకు ఫోన్ చేసి ఆ చీటీ ఫోటో వాట్సాప్‌లో తెప్పించుకోండి.

ఇక పిల్లల సంగతి. తల్లి నిజంగా లేదా, మీకు కనిపించలేదా? చాలాసార్లు రెండోదే. రకూన్ రాత్రి తిరిగే జంతువు. పగలు పిల్లలతో పడుకుంటుంది, లేదా దగ్గర్లోనే ఇంకో చోట పడుకుంటుంది. ఒక్కో తల్లికి పొదలో, కలుగులో, అటకలో ఇలా రెండు మూడు రహస్య స్థావరాలుంటాయి. ఒకచోట అలజడి అయితే పిల్లల్ని ఒక్కొక్కటిగా మెడ తోలు పట్టుకుని ఇంకోచోటికి మారుస్తుంది. నాలుగు పిల్లలంటే నాలుగు ట్రిప్పులు. మధ్యలో మనుషులు గుమిగూడితే ఆ పని అక్కడే ఆగిపోతుంది. మీరు చూసిన నాలుగూ అలా సగంలో ఆగినవి కూడా కావచ్చు. పాలిచ్చే తల్లి ఆకలికి పట్టపగలు బయట కనపడితే అదొక్కటే రేబిస్ గుర్తు కాదు. తూలడం, గుండ్రంగా తిరగడం, వెనక కాళ్లు ఈడ్వడం, దగ్గరికి వెళ్లినా పట్టించుకోకపోవడం, ఇవి కనిపిస్తే మాత్రం అందరినీ లోపలికి పంపి, ఊళ్లో జంతువుల ఫిర్యాదులు చూసే యానిమల్ కంట్రోల్‌కి ఫోన్ చేయండి. డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు వచ్చిన రకూన్ కూడా అచ్చం ఇలాగే ఉంటుంది, కళ్లు పుసితో అతుక్కుపోతాయి. అది మనుషులకు రాదు కానీ టీకా వేయించని కుక్కకు వస్తుంది. గోదాంలో కాపలా కుక్క ఉంటే దాని టీకా పుస్తకం చూడండి.

పది పన్నెండు అడుగుల దూరం నుంచి, ఫోన్ కెమెరా జూమ్ చేసి వయసు అంచనా వేయండి. అప్పుడే పుట్టిన పిల్ల 60 నుంచి 75 గ్రాములు ఉంటుంది. కళ్లు మూసుకుని, పలచటి బూడిదరంగు నూగుతో, ముఖం మీద నల్ల పట్టీ లీలగా తెలుస్తూ ఉంటుంది. మూడు వారాలకు కళ్లు తెరుస్తుంది. ఆరేడు వారాలకు నడవడం, ఎక్కడం వస్తాయి. ఎనిమిది నుంచి పది వారాలకు రాత్రిపూట తల్లి వెంట తిరగడం మొదలుపెడుతుంది. గర్భం 63 రోజులు, చలికాలం చివర్లో జతకడతాయి కాబట్టి మీ దగ్గర ఏప్రిల్, మే కాన్పుల కాలం. కళ్లు మూసుకున్న పిల్ల ఆరుబయట ఒంటరిగా పడి ఉంటే అది కష్టంలో ఉన్నట్టే. కళ్లు తెరిచి, బొద్దుగా, పాలెట్ల కింద ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోతున్నవాటికి మన సాయం అక్కర్లేదు. వాటి కూత పిట్టల కిచకిచలా, గొంతులో గరగరలా ఉంటుంది. అప్పుడప్పుడూ వినిపిస్తే కంగారు వద్దు. గంటల తరబడి గుక్కపట్టి అరుస్తున్నాయంటే ఆకలేస్తోందని అర్థం.

రాత్రిదాకా ఆగకుండా వెంటనే ఫోన్ చేయాల్సినవి కొన్ని ఉన్నాయి: రక్తం, విరిగిన కాలు, తల్లి దగ్గర్లోనే చచ్చి పడి ఉండటం, పిల్ల చల్లబడి కదలకపోవడం, బొచ్చులో బియ్యపు నూకల్లాంటి తెల్లటి ఈగ గుడ్లు. ఆ గుడ్లు పొదిగి పురుగులవడానికి ఒక్క రోజు చాలు, అందుకే 'రేపు చూద్దాం' అనకూడదు. ఫోన్ చేయాల్సింది గాయపడిన, దిక్కులేని అడవి జంతువుల్ని సాకే లైసెన్స్ ఉన్న వైల్డ్‌లైఫ్ రిహాబిలిటేటర్‌కి. న్యూజెర్సీలో ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ వెబ్‌సైట్లో జాబితా ఉంది. ఏ రాష్ట్రంలోనైనా పనికొచ్చేది 'యానిమల్ హెల్ప్ నౌ' అనే సైటు, ఊరి పేరు కొడితే దగ్గర్లోవాళ్లను చూపిస్తుంది. రిహాబిలిటేటర్లందరూ రకూన్లను తీసుకోరు, అది ముందే అడగండి. న్యూయార్క్‌లో అయితే రకూన్, స్కంక్, గబ్బిలాలకు వేరే లైసెన్సే ఉండాలి. ఫోన్ చేయకుండా పిల్లల్ని కారులో వేసుకుని బయలుదేరవద్దు.

ఏమీ తినిపించవద్దు, తాగించవద్దు. ఆవుపాలు విరేచనాలు పట్టిస్తాయి. అంత చిన్న ఒంట్లో నీరు పోతే గంటల్లో ప్రాణం మీదికొస్తుంది. చల్లబడిన పిల్లకు ఏది పోసినా అరగదు. నోట్లో పోసింది ఊపిరితిత్తుల్లోకి వెళ్లి న్యుమోనియా వస్తుంది. ముందు వెచ్చదనం, పాల సంగతి తెలిసినవాళ్లు చూసుకుంటారు.

ఇక ఈ రాత్రి. పాలెట్ల చుట్టూ కోన్లు పెట్టి టేపు కట్టండి. ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవాళ్లందరికీ, సెకండ్ షిఫ్ట్ వాళ్లకు కూడా చెప్పండి, ఆ వరసను ఎవరూ ఎత్తకూడదు. చెత్త లారీ తెల్లవారుజామున వస్తుంది కదా, ఆ కంపెనీకి ఫోన్ చేసి రేపటికి వద్దనండి. డాక్ లైటు మోషన్ సెన్సర్‌తో వెలిగేదైతే ఆపేయండి. వెలుతురూ మనుషుల అలికిడీ ఉంటే తల్లి చుట్టుపక్కలే తచ్చాడుతుంది తప్ప దగ్గరికి రాదు. పిల్లలు పాలెట్ల కిందే భద్రంగా ఉంటే ఇంతకుమించి ఏమీ చేయకండి.

పిల్లలు ఆరుబయట, లారీల దారిలో ఉంటే కొంచెం పని ఉంది. దీన్ని వీలైతే యానిమల్ కంట్రోల్ వాళ్ల చేత చేయించండి. కళ్లు తెరవని పిల్లలకు ఒక అడుగు లోతున్న అట్టపెట్టె తీసుకోండి, మూత తెరిచే ఉండాలి. అడుగున పాత టీషర్టు పరవండి. టర్కీ టవల్ వద్దు, దాని పోగుల్లో గోళ్లు చిక్కుకుంటాయి. ఒక శుభ్రమైన సాక్సులో రెండు కప్పుల బియ్యం పోసి ముడివేసి మైక్రోవేవ్‌లో నిమిషం తిప్పితే వెచ్చటి మూట తయారవుతుంది. మోచేతి లోపలి వైపు పెట్టి చూడండి, మీకు చురుక్కుమంటే దానికి కాలుతుంది. ఆ మూటను గుడ్డ కింద, పెట్టెలో ఒక పక్కకే పెట్టాలి, వేడెక్కితే పిల్ల రెండో పక్కకు జరగడానికి చోటుండాలి. గంటలోపే చల్లారిపోతుంది. రాత్రంతా వెళ్లి మారుస్తూ ఉంటే తల్లి రాదు కాబట్టి, చలిగా ఉంటే వేడినీళ్లు పోసి బిగించిన రెండు లీటర్ల సోడా సీసా వాడండి, ఎక్కువసేపు నిలుస్తుంది. మందపాటి తోలు గ్లోవ్స్ వేసుకుని, పైన ఒక గుడ్డ కప్పి పిల్లను ఎత్తి పెట్టెలో పెట్టాలి. పెట్టెను పిల్ల దొరికిన చోటికి ఆనుకునే ఉంచాలి, దూరం జరిపితే తల్లి వెతుక్కోవాలి.

నడవగలిగిన పిల్లల్ని ఎత్తనే వద్దు. గళ్లున్న ప్లాస్టిక్ బట్టల బుట్టను వాటి మీద బోర్లించండి. పైన ఒక చిన్న బరువు పెట్టాలి: పిల్లలు లేపలేనంత, తల్లి ముక్కుతో తోసేయగలిగినంత. నీళ్లు నింపిన ఒక లీటరు సీసా సరిపోతుంది. ఇటుక పెట్టారనుకోండి, తల్లి రాత్రంతా గోళ్లతో గీరి గీరి తెల్లారేసరికి వెళ్లిపోతుంది. ఈ పద్ధతి చెడేది ఎక్కువగా ఈ బరువు దగ్గరే. పొద్దుగూకేటప్పుడు పెట్టి, తెల్లవారేదాకా వదిలేయాలి.

తల్లి వచ్చిందో లేదో తెలియడానికి డాక్ కెమెరా ఉంటే సరే. లేకపోతే పెట్టె చుట్టూ జానెడు వెడల్పున మైదాపిండి పలచగా చల్లండి. రకూన్ ముందుకాలి అడుగు ఐదు వేళ్లతో పసిపిల్ల అరచేయి అద్దినట్టు ఉంటుంది, పిల్లి అడుగుతో పొరపాటు పడే అవకాశమే లేదు. అడుగులుండి పిల్లలు లేకపోతే పని అయిపోయింది. అడుగులుండి ఒకటో రెండో పిల్లలు మిగిలిపోతే, తెల్లారిపోవడంతో మధ్యలో ఆపిందని అర్థం. రిహాబిలిటేటర్‌తో మాట్లాడి ఇంకో రాత్రి ఇవ్వండి. అసలు అడుగే లేకపోతే, పిల్లలు నీరసించి ఉంటే, ఆ ఉదయమే వాళ్లకు అప్పగించాలి. అప్పటిదాకా గాలి రంధ్రాలున్న మూతపెట్టెలో, చీకటిగా, చప్పుడు లేని గదిలో ఉంచండి. బ్రేక్ రూములో పెట్టి అందరూ సెల్ఫీలు దిగడం వద్దు.

డంప్‌స్టర్‌లో పడిపోయి పైకి రాలేకపోతున్నాయా? ఆ పెద్ద చెత్తపెట్టె లోపల గోడలు నున్నటి ఇనుము, గోళ్లకు పట్టు దొరకదు. ఆరేడు అడుగుల గరుకు చెక్కను ఏటవాలుగా లోపలికి దించి, పైకొనను అంచు మీద ఆనించి, మూత తెరిచి వెళ్లిపోండి. చెక్క జారకుండా అంచుకు తాడుతో కట్టండి. రాత్రికి అవే ఎక్కిపోతాయి, లేదా తల్లి దిగి తీసుకెళ్తుంది. చెత్తను నొక్కే కంపాక్టర్ అయితే పవర్ ఆపి తాళం వేయడం మొదటి పని.

ఇప్పుడు పెస్ట్ కంట్రోల్. మేనేజర్ గారికి ఈ లెక్క చెప్పండి. ఏప్రిల్ నుంచి జూలై దాకా బోను పెడితే అందులో పడేది తల్లే. తల్లిని తీసుకెళ్తారు, పిల్లలు ఆకలితో చస్తాయి. పాలెట్ల కిందో, ఆఫీసు ఫాల్స్ సీలింగ్ పైనో చస్తే వాసన వారాలు పోదు, ఈగలు ముసురుతాయి, సీలింగ్ పలకలు విప్పాలి, అది వేరే ఖర్చు. జాలి కలగనివాళ్లు కూడా ఈ ఖర్చు మాట వింటారు. ఎవరినైనా పిలిచేటప్పుడు మూడు ప్రశ్నలు అడగండి: పిల్లలున్నాయో లేదో ముందు చూస్తారా? తల్లినీ పిల్లల్నీ విడదీయకుండా చేస్తారా? పిల్లలు నడిచే వయసు రాకముందే లోపలినుంచి బయటికి మాత్రమే తెరుచుకునే తలుపు బిగిస్తారా? మొదటి రెంటికి 'అవును', మూడోదానికి 'లేదు' రావాలి. ఆ చోటు ఖాళీ కావడానికి ఆరేడు వారాలు ఆగగలిగితే అవే వెళ్లిపోతాయి. ఆగలేకపోతే పగటిపూట దగ్గరగా ఒక ప్రకాశవంతమైన లైటు, మాటలొచ్చే స్టేషన్ పెట్టిన రేడియో ఉంచండి, రాత్రి అవి ఆపేసి నిశ్శబ్దంగా వదిలేయండి. రెండు మూడు రాత్రుల్లో తల్లి కాపురం మార్చేస్తుంది.

రకూన్ల పేడ (మలం) సంగతి ఎవరూ పట్టించుకోరు కానీ, నా దృష్టిలో పనివాళ్లకు రేబిస్ తర్వాత పెద్ద ప్రమాదం అదే. రకూన్లు ఒకేచోట పదే పదే దొడ్డికి వెళ్తాయి: పాలెట్ల పైవరస, కప్పు మీద మూల, చెట్టు మొదలు. కుక్క పేడలా ఉండి అందులో గింజలు కనిపిస్తాయి. ఆ పేడలో రకూన్ ఏలికపాము గుడ్లుంటాయి, పెద్దవాటికంటే పిల్లల్లోనే ఈ పాములు ఎక్కువ. గుడ్డు మనిషి కడుపులోకి వెళ్తే పిల్లపురుగు మెదడుకో కంటికో చేరుతుంది. ఇలా జరిగేది చాలా అరుదు, జరిగితే మాత్రం నష్టం పూడదు. పేడ పడిన రోజే ప్రమాదం లేదు, గుడ్లు సోకే స్థితికి రావడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. కాబట్టి కనిపించగానే తీసేయాలి. ఎన్95 మాస్కు, పారేసే గ్లోవ్స్, రబ్బరు బూట్లు వేసుకోండి. పొడిగా ఊడ్చవద్దు, బ్లోయర్ అసలే వద్దు. కొంచెం నీళ్లు చిలకరించి పారతో ఎత్తి రెండు సంచుల్లో మూటకట్టండి. ఆ చోట సలసల కాగే నీళ్లు పోయండి. బ్లీచ్ ఈ గుడ్లను చంపదు, మరిగే నీళ్లు చంపుతాయి. మట్టిలో వదిలేస్తే ఏళ్ల తరబడి బతికుంటాయి. భోజనం టైములో ఆ పాలెట్ల మీద కూర్చునే అలవాటుంటే మానిపించండి. పని బూట్లు ఇంటి గడప బయటే విడిచే మన అలవాటు ఇక్కడ బాగా పనికొస్తుంది, ముఖ్యంగా పాకే పిల్లలున్న ఇంట్లో.

కుటుంబం వెళ్లిపోయిందని తేల్చుకోవడానికి సందుల్లో నలిపిన న్యూస్‌పేపర్ దూర్చండి. వాన లేని మూడు రాత్రులు అది కదలకుండా ఉంటే లోపల ఎవరూ లేనట్టే. అప్పుడు పాత పాలెట్లు ఖాళీ చేయండి, డంప్‌స్టర్ మూతకు కొక్కెం పెట్టించండి, పిల్లుల కోసం పెట్టే తిండి గిన్నెలు సాయంత్రానికల్లా తీసేయండి. డాక్ కింద, గోడ పక్కన నాలుగంగుళాల సందు ఉన్నా రకూన్ దూరుతుంది. అర అంగుళం గళ్ల వెల్డెడ్ ఇనుప జాలీని నేలలోకి ఒక అడుగు దించి, అక్కణ్నుంచి బయటివైపు ఇంకో అడుగు ఎల్ ఆకారంలో మడిచి మట్టి కప్పండి. గోడ వెంబడి తవ్వే జంతువు ఆ మడత మీద ఆగిపోతుంది. కోళ్ల గూటికి వాడే పలచటి జాలీ కట్టవద్దు, దాన్ని చేతులతో చించేస్తుంది.

ఆగస్టు, సెప్టెంబరుల్లో మళ్లీ ఇవే కాస్త ఎదిగి, తల్లి పక్కన లేకుండా డాక్ దగ్గర పగటిపూట కనిపించవచ్చు. నాలుగైదు నెలల పిల్లలు సొంతంగా తిండి వెతుక్కుంటాయి. చురుగ్గా ఉండి మనిషిని చూసి పారిపోతుంటే ఎవరికీ ఫోన్ చేయనక్కర్లేదు.